నజ్రాన్ గోలు, రాబిగ్ గోలు

సౌదీలో తెలుగు ఆడవాళ్ళ హాకీ జట్టు దమ్మామ్ పోటీల్లో దిగడం మొదలుపెట్టి మూడు చలికాలాలు గడిచాయి. మూడింటిలోనూ ఒక్క ఆట గెలవలేదు. ప్రవాసుల సంఘాలన్నీ కలిసి ఏటా జనవరిలో ఆడవాళ్ళ కోసం పెట్టుకునే పోటీ అది. నాలుగే జట్లు, జట్టుకు పదిమంది. మలయాళీ నర్సులు ప్రతిసారీ కప్పు పట్టుకుపోయేవారు. కన్నడ జట్టు నిండా కొడగు ఆడపడుచులు. హాకీ వాళ్ళకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. పాకిస్తానీ టీచర్ల జట్టూ తక్కువదేం కాదు. ఇక తెలుగువాళ్ళకు మిగిలిందల్లా ఆట అయ్యాక అందరికీ పులిహోర పొట్లాలు పంచి, మర్యాదస్తులని పేరు తెచ్చుకోవడమే.

"పులిహోరకి ఒక కప్పు పెడితే అది మనదే," అని జ్ఞానరాజు నవ్వేవాడు. రేవు దగ్గర గోదాములో అతనిది సూపర్‌వైజరు ఉద్యోగం. శుక్రవారాలు ఆ పులిహోర కలిపేది కూడా అతనే.

అతని భార్య కృపామణికి మాత్రం నవ్వొచ్చేది కాదు. జట్టును కూర్చేదీ, ఆడించేదీ ఆమే. ఒక పెద్దాసుపత్రిలో డయాలిసిస్ వార్డుకు చార్జ్ నర్సు. గుడివాడలో చదువుకునే రోజుల్లో జిల్లా జట్టుకు ఆడింది. మోకాలు దెబ్బతిని ఆమె ఆటను వదిలేసినా, ఆట ఆమెను వదల్లేదు. జట్టు ఓడిన ప్రతిసారీ కొన్నాళ్ళపాటు ఆ ఇంట్లో పప్పులో ఉప్పు ఎక్కువయ్యేది.

నాలుగో ఏడు సంఘం కార్యదర్శి ప్రభాకర్ ఒక మంచి కబురు పట్టుకొచ్చాడు. కరీంనగర్ మనిషి, ఒక ఆయిల్ సర్వీసు కంపెనీ ఆఫీసులో సేఫ్టీ పని చేస్తాడు. సాయంత్రం టీకని వచ్చి, చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టాడు.

"కృపక్కా, రూల్ చేంజ్ చేసిండ్రు. టీమ్ మొత్తం దమ్మామ్ వాళ్ళే ఉండాలన్న కండిషన్ లేదిగ. సౌదీల ఏ ఊరి నుంచైనా తెచ్చుకోవచ్చు."

"మనం తెచ్చుకుంటే మలయాళీలూ తెచ్చుకుంటారుగా?"

"వాళ్ళకేం అవసరం అక్కా? ఈడనే మూడు టీములకు సరిపోయేటంత జనం ఉన్నరు. అవసరం మనకే."

అది నిజమే. తెలుగు జట్టులో తొమ్మిదిమంది అప్పటికే ఉన్నారు. వెనక కాచుకునేవాళ్ళకు కొదవ లేదు. లేనిదల్లా గోలు కొట్టే మనిషి. అంతకుముందు ఏడాది మూడు ఆటలకూ కలిపి వాళ్ళు కొట్టింది ఒకే ఒక్క గోలు. పదో చోటుకు మంచి ఫార్వర్డు దొరికితే తప్ప ఈసారీ పులిహోరే గతి.

ప్రభాకర్ ఊరూరా ఉన్న తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో కబురు పెట్టాడు. చాలా పేర్లే వచ్చాయి. ఎక్కువమంది చిన్నప్పుడు స్కూల్లో స్టిక్కు పట్టుకుని ఫోటో దిగినవాళ్ళు. వడపోస్తే ఇద్దరు నిలిచారు.

ఒకామె రాబిగ్‌లో ఉండే సరళ. జగిత్యాల వైపు పిల్ల. నిజామాబాదులో స్కూల్ గేమ్స్ ఆడింది. భర్త యాదగిరి అక్కడి రిఫైనరీలో మెయింటెనెన్సు పని చేస్తాడు. కుటుంబాలు ఉండే కాంపౌండులో ఆడవాళ్ళు తమలో తాము లీగు పెట్టుకున్నారు. ఆ సీజనులో సరళ కొట్టిన గోల్స్ ఇరవై మూడు.

రెండో ఆమె నజ్రాన్‌లో నర్సుగా చేస్తున్న కెజియా. పాలకొల్లు అమ్మాయి. నర్సుల క్వార్టర్స్ వెనక ఆడుకునే లీగులో, దాదాపు అన్నే ఆటలు ఆడి, ఆమె కొట్టింది నాలుగు.

ప్రభాకర్‌కు ఇందులో ఆలోచించాల్సింది ఏమీ కనబడలేదు. "ట్వంటీ త్రీ ఏడ, ఫోర్ ఏడ అక్కా? సరళకు టికెట్ బుక్ చేస్తున్న."

"ఆగండి. ఆట చూడకుండా ఎలా చెబుతాం?"

"చూద్దామంటే వీడియో ఎట్లొస్తది?"

చిక్కల్లా అక్కడే ఉంది. ఆడవాళ్ళ ఆటకు మగవాళ్ళను రానివ్వరు, ఆడవాళ్ళూ ఫోన్లు గేటు దగ్గరే ఇచ్చేసి లోపలికి వెళ్ళాలి. రాబిగ్‌లో అయినా, నజ్రాన్‌లో అయినా అదే నియమం. ఎవరెలా పరిగెత్తారో, ఎవరెలా కొట్టారో చూపించే బొమ్మ ఒక్కటీ బయటికి రాదు. బయటికి వచ్చేవి అంకెలే.

ఆ వారంలోనే వార్డులో ఒక చిన్న సంగతి జరిగింది. విజయవాడ నుంచి కొత్తగా వచ్చిన నర్సు ఒకామె కళ్ళు పెద్దవి చేసుకుని పరిగెత్తుకొచ్చింది. "సిస్టర్, మూడో బెడ్డు పెద్దాయనకి షుగర్ ఏడే ఉందండీ! ఏమైపోతాడో ఏంటో!"

కృపామణి నవ్వి ఆ పిల్ల భుజం తట్టింది. "ఏమీ అయిపోడు. ఇక్కడి కొలత వేరమ్మా. ఇక్కడ ఏడంటే మన విజయవాడలో నూట ఇరవై ఆరు. పద్దెనిమిదితో హెచ్చవేసుకో, నీ భయం పోతుంది. నేను వచ్చిన కొత్తలో నీకంటే గట్టిగా అరిచాను."

ఆ పిల్ల గుండెల మీద చెయ్యి వేసుకుని వెళ్ళిపోయింది. కృపామణి మాత్రం చేతిలో దూది పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. రక్తం అదే, అందులో చక్కెరా అదే. కొలిచే తీరు మారితే ఏడు కాస్తా నూట ఇరవై ఆరయి కూర్చుంటుంది. మరి రాబిగ్ గోలును దమ్మామ్ గోలులోకి మార్చాలంటే దేనితో హెచ్చవేయాలి? నజ్రాన్ గోలును దేనితో?

రెండు చోట్లా ఆడిన మనుషులు దొరికితే ఆ సంగతి తేలిపోతుంది. దమ్మామ్ ఆసుపత్రుల మధ్య జరిగే లీగులో ఎవరెవరున్నారో కృపామణికి కొట్టినపిండి. భర్తల బదిలీల మీద రాబిగ్ నుంచి వచ్చినవాళ్ళు ఇద్దరున్నారు, ఒక తమిళామె, ఒక మలయాళీ ఆమె. ఇద్దరినీ అడిగింది. ఒకామె అక్కడ ఒక సీజనులో పన్నెండు కొడితే ఇక్కడ మూడు కొట్టింది. రెండో ఆమె అక్కడ ఎనిమిది, ఇక్కడ రెండు. అంటే రాబిగ్‌లో నాలుగు గోల్స్ దమ్మామ్‌లో ఒక్కదానితో సమానం. నజ్రాన్ నుంచి వచ్చింది మాత్రం ఒకే ఒక్క ఫిలిప్పీన్స్ నర్సు. అక్కడ సీజనంతా ఆడి రెండే కొట్టిందట. ఇక్కడ ఆరు కొట్టింది. నజ్రాన్ గోలు ఒక్కటి ఇక్కడ మూడు.

ఆ లెక్కన సరళ ఇరవై మూడు ఇక్కడ ఆరుకు దిగుతాయి. కెజియా నాలుగు పన్నెండవుతాయి.

ప్రభాకర్ ఆ మాట విని టీ కప్పు కింద పెట్టాడు. "అక్కా, రాబిగ్‌కు ఇద్దరు దొరికిండ్రు, ఓకే. నజ్రాన్‌కు ఒక్క మనిషే గద? ఈడికొచ్చినంక ఆమె ఆటనే మెరుగైందేమో. ఒక్క రీడింగ్ జూపిస్తే మా ఆఫీసుల రిపోర్ట్ వాపసు పంపుతరు."

"పంపాలి కూడా. ఒక్క రీడింగే, కాదనను."

"మరి?"

"ఒక్కటైనా ఉంది కదండీ. రాబిగ్ గోల్స్ ఇక్కడ నిలబడవని రెండున్నాయి."

ప్రభాకర్ కాసేపు గడ్డం గీక్కున్నాడు. "రేపు ఓడితే అందరు నన్నే అడుగుతరు, ఇరువై మూడు గోల్స్ పిల్లను ఎందుకు ఇడిచిపెట్టినవని."

"నన్ను అడగమనండి."

"సరే అక్కా. టీమ్ మీది," అని అతను లేచాడు. అలిగి కాదు. గుమ్మం దగ్గర ఆగి, "నజ్రాన్ ఫ్లైట్ సంగతి నేను జూస్త," అన్నాడు.

కెజియా ఫోను ఎత్తగానే "వందనాలక్కా" అంది. సంగతి విన్నాక నమ్మలేదు.

"నన్నాండీ? ఇంకో కెజియా ఎవరన్నా ఉందేమో చూడండక్కా."

"నాలుగు గోల్స్ కెజియావి నువ్వే కదమ్మా?"

"అయ్యబాబోయ్, ఆ నాలుగూ మీదాకా వచ్చేశాయా!"

"అదే అడుగుదామనుకున్నాను. మీ దగ్గర అందరికీ గోల్స్ అంత తక్కువేంటి? కీపరు అంత గట్టిదా?"

"కీపరు కాదక్కా, మాకు గోలు పోస్టులే లేవు. రెండు ప్లాస్టిక్ కుర్చీలు పెట్టుకుంటాం. వాటి మధ్య ఇంకో రెండు కుర్చీలు పట్టేంత చోటుంటది. దాంట్లో ఒకామె కాళ్ళు చాపి నిలబడద్ది. ఇంక బంతి దూరాలంటే దేవుడి దయ ఉండాలి."

కృపామణికి నవ్వూ వచ్చింది, గుండె మీంచి బరువూ దిగింది. ఒక్క మనిషిని చూసి వేసిన లెక్క అయినా గాలిలో వేసింది కాదన్నమాట. కెజియా మాత్రం ఒక పట్టాన ఒప్పుకోలేదు. నర్సింగ్ కాలేజీ వదిలాక సరైన టర్ఫ్ మీద అడుగు పెట్టలేదంది. అందరూ నవ్వుతారంది. వార్డు పెద్ద అయిన ముదీరాను ఇజాజా, అంటే సెలవు, అడగాలంటేనే నోరు పెగలదంది. పోయిన క్రిస్మస్‌కే సెలవు దొరకలేదట. చివరికి ఇద్దరు ఫిలిప్పీన్స్ నర్సులు ఆమె డ్యూటీలు పంచుకుంటామని వాళ్ళంతట వాళ్ళే ముందుకొచ్చారు. అప్పుడు వస్తానంది.

ఇక మిగిలింది సరళకు చెప్పడం. అది మెసేజీలో పెట్టడానికి కృపామణికి మనసొప్పలేదు. ఫోను చేసి, తను వేసిన లెక్కంతా దాచకుండా చెప్పింది.

సరళ అంతా వింది. తర్వాత అడిగింది. "అంటే నేను కొట్టినయి గోల్స్ కావా అక్కా?"

"గోల్సేనమ్మా. ఎవరు కాదన్నారు? కాకపోతే ఇక్కడి ఆట వేరు కదా, అందుకని..."

"మీరు నా ఆట ఎన్నడన్న జూసిండ్రా?"

కృపామణికి అబద్ధం చెప్పడం చేతకాలేదు. "లేదు."

"జూడకనే చెప్తున్నరు."

"కెజియా ఆట కూడా చూడలేదమ్మా."

"గట్లయితే ఇద్దరికీ అన్యాయమే జేసిండ్రు," అంది సరళ. "సరే, ఉంట అక్కా." ఫోను పెట్టేసింది.

ఆ పూట కృపామణి వండిన కూర నోట పెట్టుకుని జ్ఞానరాజు నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. దాన్ని రెండుసార్లు నింపుకున్నాడు.

పోటీ దగ్గరపడ్డాక, సాధనలో, మధ్యలో ఆడే సునీత కాలు మెలిక పడింది. చీలమండ బూరెలా పొంగిపోయింది. కృపామణే మంచు పెట్టి కట్టు కట్టింది. కట్టు కడుతున్నప్పుడే ఆమెకు అర్థమైంది, ఇది ఇప్పట్లో తగ్గేది కాదని. దమ్మామ్‌లో ఇంకెవరూ లేరు. చాలాసేపు ఫోను చేతిలో పట్టుకుని తిరిగి, ఆఖరికి రాబిగ్ నంబరు నొక్కింది.

"సరళా, నేను కృపామణిని. ఒక చోటు ఖాళీ అయింది. కానీ ముందు ఆడేది కాదమ్మా. మధ్యలో. అక్కడివాళ్ళకి గోల్ కొట్టే వీలు రాదు. పరుగు మటుకు ఇద్దరి పరుగు."

"అవసరం వడ్డదా ఇప్పుడు?"

"పడింది."

సరళ బెట్టు చేయలేదు. "వస్త. మీరు నా ఆట జూడాలె గద."

పోటీకి ముందురోజు కెజియా నజ్రాన్ నుంచీ, సరళ జిద్దా మీదుగానూ దమ్మామ్‌లో దిగారు. ఇద్దరికీ బస కృపామణి ఇంట్లోనే. కెజియా సన్నగా, పొట్టిగా, వచ్చినప్పటి నుంచీ సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి. సరళ వచ్చీ రాగానే వంటింట్లో దూరి, ఉల్లిపాయలు తరుగుతున్న జ్ఞానరాజు చేతిలోంచి కత్తి లాక్కుంది. "జరుగు బావా, గిట్ల గోస్తే పొద్దుగూకుతది."

కెజియా గుమ్మం పక్కన నిలబడి చూస్తోంది. సరళ తలెత్తకుండానే అడిగింది. "నాలుగు గోల్స్ పిల్లవు నువ్వేనా?"

"అవునండి."

"నా జాగల వచ్చినవు."

కెజియా ముఖం తెల్లబోయింది. స్టవ్వు దగ్గరున్న కృపామణి ఇటు తిరిగింది.

"మా దగ్గర పోస్టుల్లేవండి, కుర్చీలు పెడతాం," అని కెజియా గబగబా చెప్పేసింది, తప్పు ఒప్పుకున్నట్టు. "అందుకని నాలుగే..."

"కుర్చీలా?" సరళ కత్తి ఆపింది. కెజియా చేతులు చాపి ఎంత చోటో చూపించింది. సరళ కళ్ళు పెద్దవి చేసి చూసి, ఫక్కున నవ్వింది. "మా కాడ పోస్టులు పెద్దయే. గని కీపరంటే ఎవ్వలుంటరు? ఆటకు పనికిరానోళ్ళను నిలబెడ్తరు. ఒకనాడు ఎనిమిదో నెల కడుపుతోని ఉన్నామె నిలబడ్డది. ఆనాడు నేను మెల్లగ కొట్టిన తీ."

"ఎన్ని?" అన్నాడు జ్ఞానరాజు.

"మూడు," అంది సరళ. అందరూ నవ్వారు. నవ్వు ఆగాక ఆమె ఉల్లిపాయల మీదికి వంగి, "అయినా ఇరువై మూడు ఇరువై మూడే. తక్కువ జేసి చెప్పకుండ్రి," అంది.

"చెప్పనులే," అంది కృపామణి.

సాయంత్రం సాధనకు వెళ్ళారు. చుట్టూ ఎత్తు గోడలున్న ఒక స్కూలు మైదానం అది, నిజమైన పచ్చ టర్ఫ్. కెజియా స్టిక్కు పట్టుకోగానే వేరే మనిషయింది. బంతి ఆమె స్టిక్కుకు అతుక్కుపోయినట్టు వచ్చేది. ఇద్దరి మధ్య నుంచి జారిపోయేది. కొడితే దెబ్బ తుపాకీ దెబ్బే. కృపామణి కళ్ళు మెరిశాయి. కానీ ఆ మెరుపు ఎంతోసేపు నిలవలేదు. కెజియా కొట్టిన ప్రతి బంతీ నేరుగా కీపరు ప్యాడ్లకే వెళ్ళి తగులుతోంది. మళ్ళీ కొట్టింది, మళ్ళీ ప్యాడ్లకే. అటూ ఇటూ బోలెడంత చోటు ఖాళీగా ఉన్నా బంతి నడిమధ్యకే పోతోంది.

"పక్కకి కొట్టమ్మా, మూలకి!" అని కృపామణి అరిచింది. కెజియా తల ఊపి, మళ్ళీ మధ్యకే కొట్టింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చెప్పానుగదక్కా, నా వల్ల కాదని."

కృపామణి తన లెక్కను గుర్తు చేసుకుంది. నాలుగును మూడుతో హెచ్చవేసినప్పుడు ఈ సంగతి ఎక్కడుంది?

సరళ చెమట తుడుచుకుంటూ వచ్చింది. "అక్కా, ఈ పిల్లకు ఇంకా కుర్చీలే కండ్లబడుతున్నయి. ఏడాదంతా గా సందులకే కొట్టింది గద, చెయ్యి గాడికే పోతున్నది."

ఆ ముక్క తనకు తట్టనందుకు కృపామణి తన్ను తానే తిట్టుకుంది. సరళ అప్పటికే గోలు దగ్గరికి పరిగెత్తి, అవతలి పోస్టు పక్కన నిలబడి స్టిక్కు నేలకు ఆనించింది. "ఏ పిల్లా! కీపర్‌ను జూడకు. గోల్‌ను జూడకు. నన్ను జూడు. నా స్టిక్కుకు పాసియ్యి, అంతే!"

కెజియా ఆమె వైపు చూసి కొట్టింది. బంతి కీపరుకు మూరెడు దూరంలోంచి వెళ్ళి సరళ స్టిక్కుకు తగిలి లోపలికి దొర్లింది. ఇంకోటి కొట్టింది, ఇంకోటి. కొంతసేపటికి సరళ పక్కకు తప్పుకుంది. అయినా బంతి అటే వెళ్ళింది, రెండింటిలో ఒకటి. మిగతాది మళ్ళీ మధ్యకే. ఒక్క సాయంత్రంలో అంతకంటే కుదరదు.

మర్నాడు మొదటి ఆట కన్నడ జట్టుతో. ఓడిపోయారు, ఒక్క గోలు తేడాతో. కెజియాకు రెండు మంచి అవకాశాలు వచ్చాయి. కంగారులో రెండూ కీపరు ప్యాడ్లకే కొట్టింది. గోడ బయట, మగవాళ్ళు కాచుకునే చోట, ప్రభాకర్ వరసగా రెండు టీలు తాగాడట.

కానీ ఆ ఆటలో కృపామణి కళ్ళు ఇంకొకరి మీదికి మళ్ళాయి. సరళ ఎప్పుడూ బంతి ఎక్కడుంటే అక్కడ లేదు. బంతి ఎక్కడికి రాబోతోందో అక్కడ ఉంది. కొడగు అమ్మాయి పాస్ ఇవ్వబోతుంటే ఆ దారిలో ముందే నిలబడేది. బంతి దొరికాక తలెత్తి చూసేది, ఎవరు ఖాళీగా ఉన్నారో. ఇరవై మూడు గోల్స్ కొట్టిన మనిషి ఇలా ఆడుతుందని కృపామణి కలలో కూడా అనుకోలేదు. సరైన కీపరు లేని లీగులో ఇలాంటి ఆట అక్కరకు రాదు. అయినా ఈ పిల్ల దీన్ని ఎక్కడో లోపల దాచిపెట్టుకుంది.

విరామంలో నీళ్ళ సీసా ఇస్తూ, "చూశాను," అంది కృపామణి.

"ఇంకా అయిపోలే," అంది సరళ.

రెండో ఆట పాకిస్తానీ టీచర్లతో. ఈసారి కెజియాకు బంతి అందినప్పుడల్లా మధ్యలోంచి సరళ పరుగెత్తుకొచ్చి అవతలి పోస్టు దగ్గర ప్రత్యక్షమయ్యేది. "నన్ను జూడు!" అని అరుపు. మొదటి సగంలోనే కెజియా ఆ అరుపు వైపు కొట్టింది. బంతి సరళ దాకా రాకముందే ఒక టీచరు స్టిక్కుకు తగిలి లోపలికి పోయింది. రెండో సగంలో అరుపు లేకుండానే కొట్టింది, మూలకి, నేల మీద గీత గీసినట్టు. రెండు, సున్నా. ఆట అయిపోయిందని ఈల మోగినా కాసేపు తెలుగు జట్టులో ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. గెలిచినప్పుడు ఎలా గంతులెయ్యాలో వాళ్ళకు అలవాటు లేదు. కట్టు కాలితో కుర్చీలో కూర్చున్న సునీత ముందు ఏడ్చింది. అప్పుడు అందరూ ఆమె మీద పడ్డారు.

ఆఖరి ఆట మలయాళీలతో. మొదట్లోనే వాళ్ళు రెండు గోల్స్ కొట్టేశారు. పోయినేళ్ళలో అయితే అక్కడితో తెలుగు జట్టు చేతులెత్తేసేది. ఈసారి అలా జరగలేదు. కెజియా ఒకటి కొట్టింది, ఎవరూ ఊహించని చోటు నుంచి. ఎదురుగా ఇద్దరు అడ్డంగా నిలబడితే, వాళ్ళ మధ్య చిన్న సందులోంచి బంతిని పంపింది. సందులోంచి పంపడం ఆమెకు కొత్త కాదు కదా. ఆట ముగియబోతుండగా మళ్ళీ ఆమెకు బంతి దొరికింది. అవతలి పోస్టు వైపు కొట్టింది. సరళ స్టిక్కు చాపుకుంటూ నేల మీద జారింది. బంతి లోపల పడింది.

స్కోరు రాసే బల్ల దగ్గరున్న తమిళామె అడిగింది. "ఎవరి గోలు?"

కెజియా సరళ వైపు చూసింది. సరళ మోచేయి చెక్కుకుపోయి ఎర్రగా ఉంది. లేచి నిలబడి, "నాదే. స్టిక్కుకు తగిలింది. రాస్కోండ్రి," అంది.

"తగిలిందండి," అని కెజియా నవ్వింది. తర్వాత ఎవరు అడిగినా నిజంగా తగిలిందో లేదో ఇద్దరూ చెప్పలేదు.

రెండు, రెండు. కప్పు మళ్ళీ మలయాళీలదే, తెలుగు జట్టుకు మూడో స్థానం. కానీ మలయాళీ కెప్టెను స్వయంగా వచ్చి కెజియా ఏ లీగులో ఆడుతుందని అడిగింది. నజ్రాన్ అంటే నమ్మలేదు. గోడ బయట ప్రభాకర్ ఫోనులో సంఘం గ్రూపుకు ఏదో పొడుగాటి మెసేజీ కొడుతూ దొరికాడు. కృపామణిని చూసి, "అక్కా, మీ లెక్క కరెక్టే," అన్నాడు.

"సగం కరెక్టు," అంది కృపామణి. "సరళని మన దగ్గరకు రానివ్వని లెక్క అది. సునీత కాలు మెలిక పడబట్టి బతికిపోయాం."

"అయితే వచ్చే ఏడు ఇద్దర్నీ ముందే పెట్టుకుందం."

"ముందు నేను వెళ్ళి చూసొస్తాను. ఇలాంటివాళ్ళు వీళ్ళిద్దరే ఎందుకుంటారు?"

అన్నంత పనీ చేసింది. ఎండలు ముదరకముందే సెలవు పెట్టి, జ్ఞానరాజును తోడు తీసుకుని ముందు రాబిగ్ వెళ్ళింది. కాంపౌండు గేటు దగ్గర ఫోను ఇచ్చేసి, ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఆట చూసింది. సరళ ఐదు గోల్స్ కొట్టింది. ఒక్కో గోలు కొట్టాక ఒక్కోసారి కృపామణి వైపు తిరిగి చూసింది. ఆ సాయంత్రం యాదగిరి మక్కగారెలు తెప్పించి, తన భార్య గోల్స్ గురించి జ్ఞానరాజుకు ఎంత చెప్పినా తనివితీరక, తినడం మరిచిపోయాడు.

తర్వాత కెజియా దగ్గర నుంచి ఫోను వచ్చింది. గొంతులో బెరుకు సగం తగ్గింది.

"అక్కా, మా వార్డులో జయ అని ఒకామె ఉంది. నెల్లూరు. నాకంటే పెద్దావిడే. ఇంతవరకూ ఒక్క గోలు కూడా కొట్టలేదు. అడగొచ్చో లేదో..."

"అడుగు."

"ఆమె బంతి తీసుకుంటే ఎవరూ లాక్కోలేరక్కా. నేను కూడా లాక్కోలేను. మీరొచ్చి ఒకసారి చూడండి."

ఒక్క గోలూ లేదు. సున్నాను దేనితో హెచ్చవేసినా సున్నానే. అయినా కృపామణి ఆట ఎప్పుడని అడిగింది, ఆ ఊరికి విమానం ఎప్పుడుందో చూడమని జ్ఞానరాజుకు సైగ చేసింది.

నజ్రాన్‌లో దిగేసరికి గాలి చల్లగా ఉంది. క్వార్టర్స్ వెనక గట్టి మట్టి నేల, దాని అవతల కొండలు, దగ్గరలో ఖర్జూర తోటలు. డ్యూటీ దిగిన నర్సులు ఒక్కొక్కరే తలలు ముడేసుకుంటూ వస్తున్నారు. కెజియా చెయ్యి ఊపి, ఒకామెను వేలితో చూపించింది. నలభై దాటి ఉంటుంది, కాస్త ఒళ్ళున్న మనిషి. స్టిక్కును చీపురు పట్టుకున్నట్టు పట్టుకుంది. కృపామణి మనసులో ఒక చిన్న అనుమానం కదిలింది.

ఆట మొదలైంది. ఎవరో కొట్టిన బంతి ఎగిరెగిరి వస్తుంటే జయ దాన్ని స్టిక్కుతో మెల్లగా, నిద్రపోయే పిల్లను పొత్తిళ్ళలోకి తీసుకున్నట్టు ఆపింది. ఇద్దరు మీదికి వచ్చారు. ఆమె అక్కడే తిరిగింది, ఒకసారి ఇటు, ఒకసారి అటు. మూడో ఆమె కూడా వచ్చింది. బంతి ఇంకా జయ దగ్గరే ఉంది.

కృపామణి కూర్చున్న గట్టు మీంచి లేచి, ఇంకాస్త బాగా కనబడే చోటుకు నడిచింది.